పన్నెండు మీద ఉండిపోయిన స్కోపు

ఆగస్టులో జార్జియా రాష్ట్రం దక్షిణాన ఉన్న సైనిక శిక్షణ స్థావరానికి చేరాం. పైన పైన్ చెట్లు, కింద బురద, మధ్యలో నడుమెత్తు పొదలు. ఉదయం ఆరింటికే చొక్కా వీపుకు అంటుకుపోయేది. పారాచూట్లు దిగే మైదానాన్ని అడవి పందులు తవ్విపోశాయి. అలాంటి గుంటలో దిగి ఒక జవాను తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. తర్వాతి దళం దూకేలోపు పందుల్ని కాల్చెయ్యాలని మాకు ఆదేశం.

మేం ముగ్గురం. రేడియో దగ్గర సార్జెంట్. షూటర్ మోరిస్‌విల్‌లో పుట్టి పెరిగిన తెలుగబ్బాయి. అతని పక్కన బైనాక్యులర్స్‌తో దూరం చెప్పేవాణ్ణి నేను. అతని రైఫిల్ మీద గురి చూసే దుర్బీను, అంటే స్కోపు, దాని రింగు తిప్పితే మూడు రెట్ల నుంచి పన్నెండు రెట్ల దాకా పెద్దదిగా చూపిస్తుంది. నా తుపాకీకి గురి కోసం ఎర్ర చుక్క చూపే అద్దం మాత్రమే, ఏదీ పెద్దదిగా కనిపించదు.

గురి సరిచూసేటప్పుడు స్కోపును పన్నెండు మీద పెడతారు. కాగితం మీద గుండు చేసిన చిన్న రంధ్రం కూడా కనిపించాలి కాబట్టి. పని కాగానే మళ్ళీ మూడుకి తిప్పాలి. ఈ రెండో పని చాలామంది మరిచిపోతారు.

ఆ ఉదయం మూడు వందల గజాల దూరంలో మంద బయటికొచ్చింది.

"అన్నా, ట్వెల్వ్‌లో దాని ఐలాషెస్ కూడా కనిపిస్తున్నాయి."

"సెలూన్‌కి తీసుకెళ్తావా ఏంటి? కాల్చు."

నాలుగు పడ్డాయి. ఒకదాని దవడ ఎగిరిపోయింది, అయినా గుండ్రంగా తిరుగుతూనే ఉంది. దాన్ని మళ్ళీ కాల్చాడు. అయిదోది పెద్ద మగ పంది. పొట్టలో తగిలింది. పేగులు ఈడ్చుకుంటూ పొదల్లో దూరింది.

రేడియోలో సార్జెంట్ అన్నాడు: "గాయపడినదాన్ని వదలొద్దు. స్కోపు తగ్గించుకుని లోపలికి వెళ్ళండి."

అర్థమైందన్నట్టు "కాపీ," అన్నాడు షూటర్. లేచాడు. రింగు తిప్పలేదు. అది నాకు తర్వాత తెలిసింది.

నేపర్‌విల్‌లో జింకల వేటకు వెళ్ళే మిత్రులు నన్ను అడుగుతుంటారు, జూమ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదా అని. కాదు. వంద గజాల దూరంలో పన్నెండు రెట్ల స్కోపు మీకు చూపేది మూడు గజాల వెడల్పు. మూడు రెట్లయితే పదకొండు గజాలు. పది అడుగుల దూరంలో పన్నెండు రెట్లు చూపేది మసక. అడవిలో నడిచేటప్పుడు రింగు అన్నిటికన్నా తక్కువ మీద ఉండాలి. దూరంగా జంతువు కనిపిస్తే పెంచుకోవడానికి టైముంటుంది. దగ్గర్లో ఎదురైతే తగ్గించుకోవడానికి ఉండదు.

పొదల్లో అతను నాకు నాలుగడుగులు ముందున్నాడు. పంది ఎడమవైపు నుంచి వచ్చింది. అతను రైఫిల్ భుజానికెత్తాడు.

"అన్నా, ఏం కనిపించట్లేదు! అంతా బ్లాక్!"

కాల్చాడు. గుండు చెట్టుకు తగిలింది. పంది అతని గజ్జ దగ్గర కోరలు దించి తల పైకి విదిలించింది. నేను దాని చెవి వెనక మూడుసార్లు కాల్చాను. అతని మీదే పడింది. పక్కకు లాగాను. రక్తం చిమ్ముతోంది. గాయం మరీ పైన ఉంది, పట్టీ బిగించడానికి చోటు లేదు. గుడ్డ కుక్కి, రెండు పిడికిళ్ళూ పెట్టి ఒళ్ళంతా బరువు వేశాను.

"అమ్మకి చెప్పకు. షీ'ల్ ఫ్రీక్ అవుట్," అన్నాడు.

"నువ్వే చెబుదువుగాని. కళ్ళు మూయకు రా."

హెలికాప్టర్ దిగేసరికి నా చేతుల కింద ఏదీ కొట్టుకోవడం లేదు.

అతని శవపేటిక వెంట మోరిస్‌విల్‌కి వెళ్ళాను. అంత్యక్రియల హాల్లో అతనికి యూనిఫాం తొడిగారు, ముఖానికి రంగు పూశారు. వాళ్ళమ్మ నుదురు నిమిరింది. రంగు ఆమె బొటనవేలికి అంటింది. కుడి కనుబొమ పైన నెలవంకలా చిన్న గాటు బయటపడింది.

"కాలికి కదా నాన్నా తగిలిందన్నారు. మరి ఇదేంటి?"

"స్కోపు తగిలింది ఆంటీ. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది."

"మరి వాడికి తెలీదా?"

"తెలుసు. కనిపించక కన్ను బాగా దగ్గరికి పెట్టాడు."

ఆమె మిగిలిన రంగును కూడా వేలితో మెల్లగా తుడిచి, ఆ గాటు పూర్తిగా కనిపించేదాకా తుడిచి, దాని మీద తన పెదవులు ఆనించింది.