ఇంజను గది గడప

గద్వాలలో మా వాడకట్టు వాళ్ళు నన్ను మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. "పెద్దమ్మ చెయ్యి పోయిందని ఇంజన్ కొలువునే కాలదన్నుకున్నడు, కొడుకంటే గిట్ల ఉండాలె" అని అరుగుల మీద కూర్చుని చెప్పుకునేవాళ్ళు. మొదట్లో కాదు కాదని అడ్డుపడ్డాను. అడ్డుపడితే ఎంత వినయమో చూడు అన్నారు. ఇంకేం చెయ్యను? నోరు మూసుకుని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నాగర్‌కర్నూలు దగ్గరి మా పల్లెకు గత్తర, అదే కలరా, వచ్చి అమ్మా నాన్నా ఇద్దరూ పోతే, నన్ను చంకనేసుకుని గద్వాలకు తెచ్చుకుంది. పెదనాయన అంతకు ముందే పోయాడు, ఆమెకు పిల్లలు లేరు. స్టేషను పక్కన ఒక పత్తి మిల్లులో పని చేసేది. పత్తి నుంచి గింజ తీసే మిషన్ల ముందు ఆడవాళ్ళు వరుసగా నిలబడి చేతులతో పత్తి అందిస్తుంటారు. అవతల గదిలో ఇంజను తిరిగితే తోలు పట్టాలు అన్ని మిషన్లనూ ఒక్కసారే తిప్పుతాయి. ఆ పని చేస్తూనే నన్ను ఉర్దూ బడిలో మిడిల్ దాకా చదివించింది. చదువయ్యాక సేటును బతిమాలి, అదే మిల్లులో కాంటా దగ్గర గుమాస్తాగా పెట్టించింది.

ఆమెకు మిల్లంటే ప్రాణం. ఇంట్లో ముభావంగా ఉండే మనిషి అక్కడ తోటి ఆడవాళ్ళతో ఒకటే పరాచికాలు. పొద్దున మిల్లు కూత వెయ్యగానే "అగో, మా అత్త పిలుస్తుంది" అని నవ్వి, కొంగు నడుముకు చుట్టుకుని బయలుదేరేది. జ్వరమొచ్చినా ఆగేది కాదు. ఇంట్ల కూసుంటే ఇంకా రోగమొస్తదిరా అనేది.

అది నిజాం పాలనలో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. ఆ ఏడు దసరాకు ఎప్పటిలాగే మిషన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఒక్కోదానికి ఒక బంతిపూల దండ వేశారు. మా మిల్లులో ఒక పట్టింపు ఉండేది. అమ్మవారి పేరున వేసిన దండను ఎవరూ తెంపకూడదు. ఎండిపోయి దానంతటదే జారాలి. జారితే కింద పడి కాళ్ళ కింద నలగకముందే అందుకుని గోడ గూట్లో పెట్టాలి. సేటు దగ్గర్నుంచి హమాలీ దాకా అందరిదీ అదే నమ్మకం. మిషన్లు తిరుగుతుంటే ఆ దండలు ఊగడం అందరికీ ముచ్చటగా ఉండేది, నాకు కూడా.

పండగ వెళ్ళిన కొన్నాళ్ళకు, ఒక పొద్దున నేను ధరూరు నుంచి వచ్చిన పత్తి బండి తూకం వేయిస్తున్నాను. లోపల్నుంచి ఒక కేక వినిపించింది. ఆ వెంటనే ఇంజను ఆగింది. పరుగెత్తుకెళ్ళేసరికి పెద్దమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఆమె కుడి చేతిని ఎవరో చీర కొంగుతో చుట్టారు. కొంగంతా ఎర్రగా తడిసిపోయింది. ఎట్లా జరిగిందని అడిగితే ఆడవాళ్ళంతా "తెల్వదు, చూడలే" అన్నారు. దవాఖానలో మణికట్టు దాకా తీసేశారు.

హైదరాబాదు నుంచి కార్ఖానాల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన ఉర్దూలో అడగడం, నేను తెలుగులో పెద్దమ్మకు చెప్పడం. సేటు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"తప్పు ఎవరిదని అడుగుతున్నరు పెద్దమ్మా."

"నాదే బిడ్డా. ఊకెనే చెయ్యి పెట్టిన."

ఆ మాట నేనే ఉర్దూలోకి మార్చి చెప్పాను. విచారణ అంతటితో అయిపోయింది. సొంత నిర్లక్ష్యమని తేలింది కాబట్టి మిల్లుకు సంబంధం లేదన్నారు. పెద్దమ్మను ఇంక పనికి రావద్దన్నారు.

ఇన్‌స్పెక్టరుకు మాత్రం నా ఉర్దూ నచ్చిందట. పోతూ పోతూ సేటుకు ఒక మాట చెప్పాడు. హైదరాబాదులో కొత్తగా రెండు తరగతులు పెడుతున్నారు. ఒకదానిలో ఇంజను నడపడం నేర్పుతారు. రెండోదానిలో కార్ఖానాల్లో ప్రమాదం జరిగితే అది ఎట్లా జరిగిందో విచారించడం నేర్పుతారు. ఈ అబ్బాయిని దేనికో ఒకదానికి పంపమన్నాడు. ఆమె చెయ్యి పోతేనే కదా ఆయన మా మిల్లుకు వచ్చింది, నా ఉర్దూ విన్నది! ఆ సంగతి తట్టినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

సేటు నన్ను పిలిపించాడు. "ఇంజన్ నేర్చుకొని రా. మన డ్రైవరుకు కండ్లు కనిపిస్తలేవు. నువ్వొస్తే మీ పెద్దమ్మను పత్తిల చెత్త ఏరే కాడ కూసోబెట్టుకుంట. ఒంటి చేత్తోనన్నా అయితది ఆ పని. రెండోది నేర్చుకుంటనంటవా, పో, నేనొద్దనను. కాని గప్పుడు మీ పెద్దమ్మ సంగతి నన్నడగొద్దు."

ఇంటికొచ్చి చెప్తే పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. దవాఖాన నుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. "ఇంకేంది బిడ్డా, గంత పరేషాన్ ఎందుకు? ఇంజన్ నేర్చుకో. నేను ఓ మూలకు కూసోని ఏరుకుంట. నలుగురి నడుమ ఉంట, గంతే చాలు" అంది.

మర్నాడు పొద్దున ఇంజను గదికి వెళ్ళాను. గడప దాకా వెళ్ళాను, అంతే. లోపల ఆ పెద్ద చక్రం తిరుగుతోంది, పట్టా చటచటమంటోంది, నూనె వాసన. నా కాలు గడప దాటలేదు. కుడి చెయ్యి నాకు తెలియకుండానే ఎడమ చంకలోకి పోయి దాక్కుంది. ముసలి డ్రైవరు చూసి నవ్వాడు. "ఏంరా గుమాస్తా, లోపటికి రా, కరవదిది." నేను వెనక్కి తిరిగి, తిన్నగా సేటు దగ్గరికి పోయి, రెండోది నేర్చుకుంటానన్నాను.

సేటు కళ్ళెర్రజేశాడు. "ఓహో, పెద్దమ్మ కోసం నా మీదనే పగ పట్టినవా?" అన్నాడు. కాదు సేటూ, నాకు భయం, అనాల్సింది. అనలేదు. ఆ పగ మాటే ఊరంతా పాకి, వాడకట్టుకు చేరేసరికి త్యాగమైంది. నా పిరికితనానికి దండ వేసి ఊరేగించారనుకోండి!

పెద్దమ్మ మాత్రం విని, "మంచిదేలే" అని, దారిలో తినడానికి జొన్నరొట్టెలు చేస్తానని పిండి ముందేసుకుంది. జొన్నరొట్టెను రెండు చేతులతో కొట్టాలి. ఎడమచేత్తో ఆమె ఒక్కతే కొట్టింది, పక్కింటావిడ వస్తానంటే రానివ్వలేదు. ఒక పక్క మందం, ఒక పక్క చిరుగు. రైల్లో ఆ రొట్టెలు తింటూ ఏడ్చాను.

హైదరాబాదులో మాకు పాఠం చెప్పిన ఉస్తాదు ముసలాయన, మహా కోపిష్టి. మొదటి రోజే బల్ల గుద్ది చెప్పాడు. "దెబ్బ తగిలిన మనిషిని తప్పెవరిదని ఎన్నడూ అడగొద్దు. తప్పు అని అడిగావా, మనిషి దాక్కుంటాడు. పక్కన కూర్చుని, ఆ నిమిషాన నువ్వు ఏం చేయబోయావని అడుగు." ఆ రోజు తప్పెవరిదని పెద్దమ్మను అడిగింది నా నోరే. ప్రశ్న ఇన్‌స్పెక్టరుది కావచ్చు. ఆ తర్వాతైనా, ఒకే ఇంట్లో ఉంటూ, ఇంకో ప్రశ్న వెయ్యాలని నాకెందుకు తోచలేదు?

చదువు ముగించుకుని ఇంటికి రాగానే ఆమె పక్కన కూర్చున్నాను. "పెద్దమ్మా, ఆ పొద్దు నువ్వు ఏం చెయ్యబోయినవ్?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఇన్నొద్దులకు అడిగినవా? దండ జారిందిరా. పట్టా మీదికెల్లి కిందికి పోతున్నది. కాళ్ళల్ల పడొద్దని అందుకోబోయిన."

"మరి ఆ రోజు చెప్పలేదేంది?"

"చెప్తే పూజ బందు పెడుతుండ్రి. అమ్మోరి దండే చెయ్యి తిన్నదని నలుగురూ అంటుండ్రి. నాదే తప్పంటే ఒడిసిపాయె. ఆడోళ్ళకు గూడ చెప్పొద్దన్న."

ఆమె అంత చెప్పాక నేను దాచుకోలేకపోయాను. నీ కోసం కాదు పెద్దమ్మా, ఇంజనంటే భయమై ఈ చదువుకు పోయాను అన్నాను.

"ఎరుకనే. నువ్వు గడప కాడ చెయ్యి సంకల పెట్టుకొని నిలబడ్డవని డ్రైవరు గా పొద్దే చెప్పిండు."

"మరి ఒక్క మాటన్నా అనకపోతివి."

"ఏమంటరా? భయమైనోన్ని పొమ్మని నూకుతనా?" తలొంచుకుని, "కాని పత్తి ఏరుడన్న దొరుకుతదని జర ఆశపడ్డ" అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

సేటు దగ్గరికి వెళ్ళాను. చదువుకొచ్చినవాణ్ణని నా మాట విన్నాడు. పట్టాలకు అడ్డంగా చెక్కలు కొట్టించాడు. దండలు ఇక మీదట మిషన్లకు కాక మిల్లు వాకిలికి కట్టడానికి ఒప్పుకున్నాడు. అప్పుడు పెద్దమ్మ మాట ఎత్తాను. "ఏరే కాడ వేరే ఆమె కూసుంది. కాలు కుంటి. ఆమెను లేపమంటవా చెప్పు, లేపుత" అన్నాడు. తల దించుకుని వచ్చేశాను.

కొన్నాళ్ళకు వనపర్తిలో ఒక నూనె మిల్లులో ఎవరికో దెబ్బ తగిలిందని నన్ను పిలిచారు. పొద్దున్నే సంచి సర్దుకుంటున్నాను. మిల్లు కూత వేసింది. గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ దిగ్గున లేచింది. ఎడమచేత్తో కొంగు తీసి నడుముకు చుట్టుకోబోయింది. రెండో కొస అందుకునే చెయ్యి లేదు. అప్పటికి గుర్తొచ్చినట్టుంది, కొంగు వదిలేసి మళ్ళీ కూర్చుంది.

"మా అత్త ఇంకా పిలుస్తనే ఉందిరా" అంది. ఈసారి నవ్వలేదు.

ఆమె ఎదురుగా నిలబడి ఉన్నాను. నా రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.