నా నోట ఆమె గొంతు

నిన్న మధ్యాహ్నం వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే హాల్లో టీవీలోంచి ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది. "నాన్నగారూ, అమ్మని ఇంటికి తీసుకురారూ?" అని ముద్దుముద్దుగా, చివర కాస్త సాగదీసి. చేతిలో కత్తి అక్కడే ఆగిపోయింది. తెరమీద రెండు జడలేసుకుని కళ్ళు తిప్పుతున్న ఆ పిల్లని నేనే, తొమ్మిదేళ్ళప్పుడు. గొంతు మాత్రం నాది కాదు. అప్పటికే యాభైకి దగ్గరపడిన మా ఎస్తేరు ఆంటీది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. బెండకాయలు పక్కకి నెట్టేసి, సినిమా అయ్యేదాకా టీవీ ముందే కూర్చున్నాను.

మాది రహమత్ నగర్. నాన్న సినిమాల్లో లైట్‌మన్. తొంభైల మొదట్లో ఒక షూటింగ్‌లో వేషం వేయాల్సిన పాపకి జ్వరమొస్తే, నాన్నతో సరదాగా వెళ్ళిన నన్ను పట్టుకుని జడలేసి నిలబెట్టేశారు. చెప్పమన్న మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పాను. వాటిమీద ఇంకెవరో మళ్ళీ చెప్తారని నాకెవరు చెప్పారు గనక! కొన్నాళ్ళకి ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్ చూద్దామని వెళ్తే, తెరమీద నా నోరు కదులుతోంది, మైకు ముందు నేతచీర కట్టుకున్న ఒకావిడ నోట్లోంచి మాట వస్తోంది. ఒకటే ఏడుపు.

"గది నా గొంతు కాదు! నేను గట్ల మాట్లాడ!"

అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. దగ్గరికి తీసుకుని, చెంగుతో నా ముక్కు తుడిచి, నోట్లో పటికబెల్లం ముక్క పెట్టింది. "నిజమేనే తల్లీ, నువ్వట్లా మాట్లాడవు. ఆ మాటకొస్తే ఏ పిల్లా మాట్లాడదు. వీళ్ళకి అట్లాగే కావాలి, ఏం చెయ్యను చెప్పు?" అంది. ఆవిడే ఎస్తేరు ఆంటీ. అప్పట్లో సినిమాల్లో సగం మంది పిల్లలు ఆవిడ గొంతుతోనే మాట్లాడేవారు.

అసలు దెబ్బ సినిమా విడుదలయ్యాక తగిలింది. నన్ను పెంచింది మా నాయనమ్మ. మేమంతా అవ్వ అనేవాళ్ళం. అప్పటికే ఆవిడకి చూపు పూర్తిగా పోయింది. చూడలేకపోతే ఏం, మనవరాలి మాటలైనా వింటుందని థియేటర్‌కి తీసుకెళ్ళాం. సినిమా అంతా చెవులు రిక్కించి కూర్చుంది. చివర్లో మెల్లగా, "మా పోరి ఎప్పుడొస్తది?" అని అడిగింది. వచ్చింది, బోలెడు మాట్లాడింది అంటే నమ్మితేనా! "నన్ను ఆగం జేస్తున్నరా? మా పోరి గొంతు నాకెరుక లేదా?" అని కసురుకుంది. ఒక్క మాట నా గొంతుతో ఉన్నా అవ్వకి తెలిసేది కదా అని నాకు అన్నం సయించలేదు. ఆ బాధంతా వెళ్ళి ఎస్తేరు ఆంటీ దగ్గర వెళ్ళబోసుకున్నాను.

ఆవిడ ఇల్లు యూసుఫ్‌గూడలో. సొంతూరు ఏలూరు దగ్గర. మాట్లాడ్డం మొదలుపెడితే ఆపేది కాదు. "మా అమ్మమ్మ నీ వయసుకి కాపురానికెళ్ళిపోయింది. ఇంటెడు చాకిరీ చేసేది, ఆవిణ్ణి పాప అన్నవాళ్ళే లేరు. మా ఇంట్లో పెద్దల ముందు మేం నోరెత్తితే వీపు విమానం మోతే. మరి మద్రాసులో నేను డబ్బింగ్ మొదలుపెట్టినప్పుడో? పురాణాల్లో అయిదేళ్ళ కుర్రాడు గుక్కతిప్పుకోకుండా ధర్మం బోధించేవాడు. ఆ తర్వాత ముద్దుపలుకులొచ్చాయి. ఇప్పుడేమో విడిపోయిన అమ్మానాన్నల్ని కలిపే పిల్లలు. ఎప్పుడు ఎలాంటి పాప కావాలంటే అలాంటి పాప నా గొంతులోంచి వచ్చిందనుకో. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నానంటావ్? సినిమాలు చూసే కదే!" అని పకపకా నవ్వేది.

నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం మా బస్తీ నేర్పింది. నా చంకలో ఎప్పుడూ తమ్ముడుండేవాడు. కిరసనాయిలు వరసలో పెద్దవాళ్ళతో సమానంగా కొట్లాడేదాన్ని. షూటింగ్ జరిగిన జూబ్లీహిల్స్ బంగళాలో నా ఈడు అమ్మాయికి పాలు తాగించడానికి ఆయా గ్లాసు పట్టుకుని వెనకాలే పరుగెత్తేది. అవ్వనడిగితే ఆ అమ్మాయీ నేనూ ఇద్దరం పోరిలమే. డైరెక్టర్లకి మాత్రం ఆ అమ్మాయే పాప.

రెండో సినిమాలో నాది పల్లెటూరి పిల్ల వేషం. ఈసారి నాచేతే చెప్పించమని ఎస్తేరు ఆంటీ డైరెక్టర్‌గారిని బతిమాలింది. ఆయన నాచేత ఒక మాట చెప్పించుకుని విని, తల అడ్డంగా ఊపారు. "వద్దమ్మా, ఈ గొంతులో పసితనం లేదు," అన్నారు. చోద్యం కాకపోతే, నా గొంతులో లేని పసితనం యాభై ఏళ్ళావిడ గొంతులో ఉందట! ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండిపోతుంది.

ఆంటీయే పాత్రంతా చెప్పేసింది. చివరికి ఒక్క కేక మిగిలింది. తప్పిపోయిన పిల్ల బండరాళ్ళ మీద నిలబడి "అవ్వా!" అని అరవాలి. ఆంటీ గొంతు పట్టుకుని కూర్చుండిపోయింది.

"బొంగురుపోయింది సార్, నావల్ల కాదు. దూరం షాటేగా, మొహం కూడా కనపడదు. ఎవరరిస్తే ఏముందండీ? ఈ పిల్లని అరవమనండి."

డైరెక్టర్‌గారు గడియారం చూసుకుని సరేనన్నారు. ఆంటీ వంగి చెవిలో చెప్పింది: "సినిమా సంగతి మర్చిపో. పొద్దు గుంకుతోంది, మీ అవ్వ ఇంకా ఇంటికి రాలేదు. పిలువు."

పిలిచాను. మరునాడు ఆదివారం యూసుఫ్‌గూడ చర్చిలో ఆంటీ పాడుతుంటే రోడ్డు మీదికి ఖంగుమని వినపడింది. ఆ అబద్ధాన్ని దేవుడు క్షమించే ఉంటాడు.

సినిమా వచ్చాక అవ్వని మళ్ళీ తీసుకెళ్ళాం. ఆంటీ కూడా వచ్చి మా వెనక వరసలో కూర్చుంది. ఇంటర్వెల్ దాటాక నా కేక వినిపించిందో లేదో, అవ్వ దిగ్గున లేచి నిలబడింది.

"ఓ బిడ్డా! గీడనే ఉన్న, ఫికర్ జెయ్యకు! రా!"

హాలంతా గొల్లున నవ్వింది. అవ్వ కూర్చోదే! తెర వైపు రెండు చేతులూ చాపి అలాగే నిలబడింది. పక్క సీట్లోంచి లేచి ఆ చేతుల్లోకి దూరిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఆంటీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఇప్పుడు పిల్లలకి డబ్బింగ్ నేర్పించడమే నా పని. ఏ పిల్లనీ పాపలా మాట్లాడమని అడగను. "నువ్వు పిలిస్తే ఇంట్లో ముందుగా పలికేదెవరు?" అని అడుగుతాను. వాళ్ళని పిలవమంటాను.