పడవ ప్రమాదంలో చనిపోని పిల్ల

ఆ బజారు మొత్తానికి కుట్టు మిషన్లు బాగుచేసే ఆడమనిషి ఒక్కతే. చొక్కా కాలరుకు ఎప్పుడూ నాలుగైదు సూదులు గుచ్చుకుని ఉంటుంది కాబట్టి అందరూ ఆమెను సూదమ్మ అంటారు. కాగితాల్లో వేరే పేరుంది. అది అనాథాశ్రమం వార్డెనమ్మ పెట్టిన పేరు. షాపు రెండు తలుపులంత వెడల్పు ఉంటుంది. గోడకు బెల్టులు వేలాడుతుంటాయి, డబ్బాల నిండా షటిళ్ళు, బాబిన్లు, స్ప్రింగులు. మిషను చప్పుడు విని జబ్బు చెప్పేస్తుంది. దారాన్ని తిట్టుకుంటూ వచ్చినవాళ్ళకు, సూది తిరగేసి పెట్టింది మీరేనని నవ్వుతూనే నాలుగు చీవాట్లు పెట్టి పంపిస్తుంది.

నలభై ఆరో ఏట ఆమెకు సూది బెజ్జం సరిగా కనపడటం మానేసింది. కంటి డాక్టరమ్మ పరీక్షించి, చత్వారంతో పాటు నీటికాసులు, అంటే గ్లాకోమా కూడా మొదలవుతోందని, ఆ జబ్బు చాలామందికి వంశపారంపర్యంగా వస్తుందని చెప్పి, ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఉందా అని అడిగింది.

"మా వంశంలో నేనే మొదటిదాన్నండి" అంది సూదమ్మ.

డాక్టరమ్మ నవ్వింది గానీ ఫారంలో ఆ మాట రాయడానికి గడి లేదు. తల్లికి షుగరుందా, తండ్రికి గుండెజబ్బుందా, తోబుట్టువులెందరు అన్న ప్రశ్నలన్నిటి ఎదురుగా 'తెలియదు' అని రాసింది. ఆ రోజు ఇంటికొచ్చి సూదమ్మ సరిగ్గా అన్నం తినలేదు. భర్త బస్సు డ్రైవరు, అన్నిటినీ తేలిగ్గా తీసుకునే మనిషి. ఏమైందని అడిగాడు.

"ఏ మిషనొచ్చినా ఏ కంపెనీది, ఎన్నేళ్ళది, ఇదివరకు ఎవరు విప్పారు అని అడక్కుండా నేను చెయ్యి పెట్టను. నా ఒంటి సంగతే నాకు తెలీదు" అంది.

ఆమెకు తెలిసింది ఇంతే. నలభై మూడేళ్ళ కిందట పెద్ద వరదలొచ్చిన ఏడు, ఇసుక పడవలవాళ్ళకు నది ఒడ్డున, చెక్కల మధ్య ఇరుక్కుని ఒక పిల్ల దొరికింది. సుమారు మూడేళ్ళు ఉంటాయి. జ్వరంతో పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంది. పేరడిగితే చెప్పలేకపోయింది. ఆ ఏడు నదికి రెండువైపులా ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఏ ఊరి పిల్లో, ఎవరి పిల్లో చెప్పేవాళ్ళు లేక ఆశ్రమంలో చేర్చారు. ఇరవయ్యో ఏట ఆమె వెళ్ళి తన ఫైలు అడిగితే, బీరువాలోకి నీళ్ళు దిగి పాడైపోయిందన్నారు. అప్పుడు ఊరుకుంది. ఈసారి ఊరుకోదలచుకోలేదు.

కూతురు మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. డీఎన్‌ఏ పరీక్ష గురించి చెప్పింది తనే. చిన్న గొట్టంలో ఉమ్మి పంపితే, అప్పటికే పరీక్ష చేయించుకున్నవాళ్ళలో రక్తసంబంధం ఉన్నవాళ్ళెవరో, ఎంత దగ్గరవాళ్ళో చూపిస్తారు. చుట్టాలెవరూ పరీక్ష చేయించుకుని ఉండకపోతే ఏమీ తేలదని కూడా ముందే చెప్పింది. సూదమ్మకు ఆ గొట్టం గీత దాకా నింపడానికి పావుగంట పట్టింది. ఇన్నేళ్ళూ కస్టమర్లను తిడుతూ ఇంతకన్నా ఎక్కువ ఉమ్మే ఖర్చుపెట్టావని భర్త ఎగతాళి చేశాడు.

రెండు నెలలకు ఫలితం వచ్చింది. దూరపు వాళ్ళు చాలామంది, దగ్గరవాడు ఒక్కడే. ఇద్దరికీ ముత్తాత ఒకరే అయి ఉండవచ్చని దాని సారాంశం. ఆయన వేరే ఊళ్ళో ఉండే రిటైరైన డ్రాయింగు మాస్టారు. పుట్టినరోజుకు కూతురు బహుమతిగా ఇస్తే సరదాకి పరీక్ష చేయించుకున్నాడు. సూదమ్మ రాసిన మొదటి ఉత్తరానికి జవాబు లేదు. రెండోదానికి, తమ కుటుంబంలో ఎవరూ తప్పిపోలేదని ఒక్క వాక్యం వచ్చింది. ఆమె మూడో ఉత్తరం రాసింది. మీ ఆస్తి వద్దు, మీ పరువుకు లోటు తేను, మీ ముత్తాత పిల్లలెవరో, వాళ్ళ పిల్లలెవరో చెప్పండి చాలు అని. దానికీ జవాబు రాకపోయేసరికి ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళి ఆయన తలుపు కొట్టింది.

మాస్టారు మొదట గుమ్మంలోనే నిలబెట్టాడు. ఆమె సంచీలోంచి కాగితాలు తీసి, గడపమీదే పరిచి, ఏ అంకెకు ఏమర్థమో చెప్పడం మొదలుపెట్టింది. ఆయనకు బొమ్మలన్నా గీతలన్నా ప్రాణం. పది నిమిషాలకల్లా ఆయనా వంగి కూర్చున్నాడు. సాయంత్రానికి, దర్జీలు కటింగుకు వాడే ఖాకీ కాగితం మీద వంశవృక్షం సగం గీశారు. ముత్తాతకు నలుగురు సంతానం. ఒకరి వైపు మాస్టారు. ఒకరికి పిల్లల్లేరు. ఇంకొకరి సంతతి మొత్తం ఆయన కళ్ళముందే ఉంది, అందులో తప్పిపోయినవాళ్ళు ఎవరూ లేరు. మిగిలింది ఆఖరి కూతురు. ఇష్టపడినవాణ్ణి పెళ్ళి చేసుకుని నది అవతలికి వెళ్ళిపోయిందని పుట్టింటివాళ్ళు రాకపోకలు మానేశారు.

ఆ కొమ్మ గురించి వాకబు చేయడానికి మాస్టారికి నాలుగు నెలలు పట్టింది. చివరికి ఒకరోజు ఫోను చేశాడు. ఆఖరి కూతురికి ఒక్కతే ఆడపిల్ల. ఆ పిల్ల పెళ్ళయి, మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని రేవు దాటుతుంటే పడవ బోల్తా కొట్టింది. వరదలొచ్చిన ఏడే. సూదమ్మ దొరికిన చోటుకు ఆ రేవు ఎగువన పదకొండు మైళ్ళు.

"కానీ అమ్మా, తల్లీ పిల్లా ఇద్దరూ పోయారట. ఇద్దర్నీ పాతిపెట్టారట. సమాధి రాయి కూడా ఉందంటున్నారు" అన్నాడు మాస్టారు.

ఆ పిల్ల తండ్రి ఉన్నాడా అని అడిగింది సూదమ్మ.

ఉన్నాడు. ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరుగా పనిచేసిన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళు, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడితో కలిసి ఒకే వాటాలో ఉంటున్నాడు. మాస్టారే ముందు వెళ్ళి విషయం చెప్పాడు. తమ్ముడు మండిపడ్డాడు. ముసలివాణ్ణి పట్టి ఇల్లు రాయించుకునే మోసగాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారని, చచ్చినపిల్లను అడ్డం పెట్టుకుంటారా అని కేకలేశాడు. సూదమ్మ వెళ్ళినప్పుడు కూడా తలుపుకు అడ్డంగా ఆయనే నిలబడ్డాడు. ఆమె గొంతు పెంచలేదు, కదలనూ లేదు. లోపలి గదిలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న పెద్దాయన కంట్లో చుక్కలు వేసుకుంటున్నాడు. ఆ సీసా ఆమె గుర్తుపట్టింది. తను రోజూ వేసుకునే మందే.

"ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నారండీ?" అని గుమ్మంలోంచే అడిగింది.

"పాతికేళ్ళయింది" అని, పెద్దాయన తమ్ముణ్ణి పక్కకు జరగమన్నాడు. ఆమెను చాలాసేపు చూశాడు. పోలికల గురించి ఒక్క మాటా అనలేదు. "ఉమ్మే కదమ్మా అడుగుతున్నావు, తీసుకో. నువ్వు నా కూతురివి కాకపోతే నాకు పోయేదేం లేదు. పోయేది నలభై మూడేళ్ళ కిందటే పోయింది."

ఈసారి కూతురి సలహామీద, తండ్రీబిడ్డల సంబంధం తేల్చే ల్యాబుకు సాక్షుల ఎదుట నమూనాలు ఇచ్చారు. మూడు వారాల తర్వాత వచ్చిన కాగితంలో సందేహానికి చోటు లేదు. అది చదివి సూదమ్మ షాపు మధ్యలో నేలమీద కూర్చుండిపోయింది. భర్త బస్సు డిపోలో అప్పగించి వచ్చేదాకా అలాగే ఉంది. మాస్టారు ఫోనులో లెక్కకట్టి, వాళ్ళమ్మ తన తల్లికి మేనత్త కూతురు కాబట్టి వరసకు తాను బావనవుతానని ప్రకటించాడు. ఇన్నేళ్ళకు పోటీ వచ్చిందని డ్రైవరు అన్నాడు. అప్పుడు ఆమె నవ్వింది, ఆ నవ్వు మీదే ఏడ్చింది కూడా.

తండ్రి మాత్రం కాగితం చేతికిస్తే రెండుసార్లు చదివించుకుని, చేతికర్ర అందుకున్నాడు. శ్మశానానికి తీసుకెళ్ళమన్నాడు. తల్లి సమాధి పక్కనే చిన్నది ఉంది. దాని చుట్టూ గడ్డి పీకి, తుడిచి శుభ్రంగా ఉంది. ప్రతి ఏడూ ఆయనే వచ్చి ఆ పని చేసేవాడు.

"మరి ఇక్కడున్నది ఎవరమ్మా?" అన్నాడు.

వెనకాల వచ్చిన తమ్ముడు ముందుకొచ్చాడు. ఆ రోజుల్లో అన్న టైఫాయిడుతో ఆసుపత్రిలో ఉంటే, శవాలను గుర్తుపట్టడానికి వెళ్ళింది ఆయనే. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు.

"మూడు రోజులు తిరిగానన్నయ్యా. మొహాలు చూడగలిగేట్టు లేవు. మన పిల్ల ఎర్రగౌను వేసుకుని వెళ్ళింది. అక్కడొక ఎర్రగౌను కనపడింది. ఇదేనన్నాను. ఇంకొక్క రోజు వెతకలేక అన్నాను. ఇది కాదేమోనన్న అనుమానం అప్పుడే ఉంది."

పెద్దాయన తమ్ముడి వైపు చూడలేదు. ఇంటికెళ్ళే దారిలో సూదమ్మతో మాత్రం, అయిందేదో అయింది, ఆ పిల్ల ఎవరో ఇప్పుడు తవ్వి తీసి లాభమేంటన్నాడు. తండ్రి తనకు చెప్పిన మొదటి సలహాకే సూదమ్మ ఎదురుచెప్పింది.

"నేను లేననుకుని మీరు ఏడ్చారు, ఆ ఏడుపుకొక చోటుంది. ఆ పిల్లవాళ్ళు ఎక్కడ కూర్చుని ఏడవాలో తెలీకుండా ఉన్నారేమో నాన్నా. తెలీకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

నాన్నా అన్నది అదే మొదటిసారి. ఆయన మళ్ళీ అడ్డుచెప్పలేదు.

గురువారాలు షాపు మధ్యాహ్నమే మూసి ఆమె గ్రంథాలయానికి వెళ్ళసాగింది. పాత పత్రికల్లో పడవ ప్రమాదం వార్తలు వరసగా చదివింది. చనిపోయినవాళ్ళు ముప్ఫై ఒకరు, జాడ తెలియనివాళ్ళు నలుగురు. ఆ నలుగురిలో ఆడపిల్ల ఒక్కతే, వయసు నాలుగేళ్ళు, తల్లి ప్రభుత్వాసుపత్రిలో ఆయా. ఆసుపత్రి పెన్షన్ల గుమాస్తా వివరాలు ఇవ్వడం కుదరదన్నాడు. అయితే నా ఉత్తరమే ఆవిడకు పంపండి, ఇష్టమైతే ఆవిడే పిలుస్తుంది అంది. పదిరోజుల్లో ఆయా దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

కూరగాయల మార్కెట్టు వెనక సందులో, రేకుల కప్పున్న ఒంటిగది. ఆయాకు ఎనభై దాటాయి. ఆ పడవలో ఆమె కూడా ఉంది. ఒకచేత్తో పడవ అంచు, ఒకచేత్తో పిల్లను పట్టుకుంది. పిల్ల ఉన్న చెయ్యి జారింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదట. సూదమ్మ దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ పక్కనపెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. పక్కన తండ్రి తలవంచుకుని కూర్చున్నాడు.

ఆయా అంతా విని, "ఎవరన్నా చూసుకునేవాళ్ళా దాన్ని?" అంది.

"ఏటేటా వచ్చేవాణ్ణి తల్లీ. నా పిల్లనుకునే వచ్చాను" అన్నాడు పెద్దాయన.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

కానీ నమ్మకం వేరు, రుజువు వేరు. ఆ సంగతి సూదమ్మకు బాగా తెలుసు. సమాధి తెరవాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. చచ్చిపోయినట్టు రాసున్న మనిషే వచ్చి దరఖాస్తు పెట్టడం ఎక్కడా చూడలేదని అక్కడి ఉద్యోగి అన్నాడు. నేనూ చూడలేదండి, అందుకే వచ్చానంది. మూడోసారికి ఉత్తర్వు వచ్చింది. ల్యాబువాళ్ళు ఒక పన్ను తీసుకెళ్ళారు. ఐదు నెలల తర్వాత, ఆ పన్ను ఆయా కన్నబిడ్డదేనని తేలింది. కాగితం చదివి వినిపిస్తుంటే ఆయా కళ్ళు మూసుకుని, ఇంక అది ఆ నది చలిలో లేదు అంది.

రాయి మార్చారు. కొత్తరాయి మీద పేరు ఎలా రాయాలో ఆయానే చెప్పింది. అక్షరాలు తిన్నగా ఉన్నాయో లేదో కంపోజిటరు వేళ్ళతో తడిమి మరీ చూశాడు.

ఆ తర్వాత బాబాయి ఎవరికీ చెప్పకుండా ఒక్కడే ఆ రేకుల గదికి వెళ్ళాడు. ఎర్రగౌను సంగతి తన నోటితోనే చెప్పాడు. ఆమె క్షమించాననలేదు, కూర్చోమంది. వారానికోసారి మందులు తెచ్చి ఇవ్వడానికి వెళ్తున్నాడిప్పుడు. అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గాయి గానీ, చుక్కల సీసా మూత తీసి ఇచ్చేది ఇంకా తమ్ముడే.

సూదమ్మకూ తండ్రికీ సినిమాల్లోలాగా ప్రేమ పొంగి పొర్లలేదు. ఇద్దరూ మాట పొదుపు మనుషులు. ఆదివారం ఆమె వెళ్తే, ఆయన ప్రెస్సు రోజుల్లో జరిగిన అచ్చుతప్పుల కథలు చెప్తాడు, ఆమె మొండి మిషన్ల గురించి చెప్తుంది. తల్లి గురించి వారానికో ముక్క చొప్పున బయటికొస్తోంది. పాటలు వచ్చేవని ఒకవారం, కోపం వస్తే గిన్నెలు తోమేదని ఇంకోవారం. అవన్నీ ఇంటికొచ్చి ఒక పుస్తకంలో రాసుకుంటుంది.

ఆయన మాత్రం ఆమెను పుట్టినప్పుడు పెట్టిన పేరుతోనే పిలుస్తాడు. ఆమెకింకా అలవాటు కాలేదు. రెండోసారి పిలిస్తే గానీ ఆమె పలకదు.