గీత దాటిన శుక్రవారం

డెబ్బైల్లో, ఒమన్‌లోని మత్రా దగ్గర రోడ్లు వేసే కంపెనీలో చేరిన ఆ కొత్తలో, నా ఒంట్లో ఎంత బలం ఉండేదో మనసులో అంత బెదురూ ఉండేది. సిమెంటు బస్తాను అవలీలగా భుజానికెత్తుకునేవాణ్ణి కానీ, దొర ఎదురైతే నోట మాట వచ్చేది కాదు. మా దొర స్కాట్లాండ్ మనిషి. ఒకప్పుడు రగ్బీలో ఫార్వర్డ్ అట. అంటే ముందు వరుసలో తల వంచి అవతలి జట్టును నెట్టేవాడన్నమాట. ఆ నెట్టుడుకు చెవులు రెండూ నలిగి, వేయించిన వడియాల్లా ముడుచుకుపోయాయి. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక, ఒమన్ వచ్చి మా కంపెనీ తెల్లవాళ్లతో ఒక జట్టు కట్టి కోచ్ అయ్యాడు. ఆ జట్టు ఒక్క ఆటా గెలవలేదు. నేను చెప్పే సంగతి జరిగిన నెలాఖరుకు ఆయన ఉద్యోగం ముగించుకుని స్వదేశం వెళ్లిపోవాలి. మిగిలింది ఒక్క శుక్రవారం, ఒక్క ఆట.

ఆ వారంలోనే ఇసుకలో కూరుకుపోయిన పికప్‌ను నేను ఒక్కణ్ణే నెట్టి బయటపడేయడం దొర కంటపడింది. మర్నాడు మా హైదరాబాదీ ఫోర్‌మన్ (అందరం భాయ్ అనేవాళ్లం) పిలిచాడు. "సాబ్ టీంల ఒకనికి కామెర్లైనయట. శుక్రవారం నువ్వే ఆడాల్నంటుండు."

"నాకు కబడ్డీ తప్ప ఏం రాదు భాయ్! గాళ్లు నన్ను తొక్కి సంపుతరు."

"డరో నక్కో మియా! పికప్‌ను నెట్టినవ్ గదా, గట్లనే మనుషులను నెట్టుడు."

డ్యూటీ అయ్యాక రోజూ శిక్షణ. బంతి చూస్తే బొప్పాయికాయలా ఉంది. దాన్ని చేతులతో వెనక్కే విసరాలి, మనం మాత్రం ముందుకే పోవాలి. (ఇదెక్కడి ఆటని అడిగితే భాయ్, "నేనడుగ, నా నౌకరీ పోతది" అన్నాడు.) దొర నాకు నేర్పినవి రెండే: నెట్టు, బంతి చేతికొస్తే వదలకు.

శుక్రవారం ఆట చివరికొచ్చేసరికి మేం రెండే పాయింట్లు వెనకబడి ఉన్నాం. పదహారు మంది తలలు ఆనించి నెట్టుకుంటుండగా మా గుంపు కూలింది. ఎవరి కాలు తగిలిందో, బంతి ఎగిరొచ్చి నా ఒళ్లో పడింది. తలెత్తితే ఎర్రగడ్డం వాడొకడు లారీలా మీదికొస్తున్నాడు. లేచి పరుగందుకున్నాను. అవతలి జట్టు వైపు చివరనున్న సున్నపు గీత దాటాను. అందరూ కేకలు వేస్తున్నారు. (నన్ను కొట్టమంటున్నారనుకున్నాను.) గడ్డంవాడు ఇంకా వెనకే ఉన్నాడు. మైదానం దాటి, అక్కడ నిలిపిన నీళ్ల ట్యాంకర్ నిచ్చెనెక్కి, పైన కూర్చుని బంతిని గుండెకు హత్తుకున్నాను.

ఈల మోగింది. గీత దాటాక బంతిని నేలకు ఆనిస్తేనే పాయింట్లట! ఆట పోయింది.

దొర కుంటుకుంటూ ట్యాంకర్ కిందికొచ్చాడు. ఉద్యోగం ఊడిందనుకుని దిగనన్నాను. ఆయన భాయ్‌తో ఏదో చెప్పాడు. భాయ్ నవ్వాపుకుంటూ అరిచాడు: "తప్పు సాబ్‌దేనట. నువ్వు గంత దూరం పోతవనుకోలే, అందుకే కింద పెట్టుడు నేర్పలేదంటుండు."

దిగాక దొర నా భుజంమీద చెయ్యేసి ఇంకో మాటన్నాడు. అది చెప్పేటప్పుడు భాయ్ నవ్వలేదు. "సాబ్ పదకొండేండ్లు ఆడిండట. ఎప్పుడూ నెట్టుడే. బంతి పట్టుకొని ఒక్కపారి గూడ గా గీత దాటలేదట. నువ్వు మొదటి ఆటలనే దాటినవంటుండు."

నెలాఖరుకు ఆయన వెళ్లిపోయాడు. సెలవులో ఇంటికెళ్లినప్పుడు మేమే గెలిచామని అందరికీ చెప్పాను. (ట్యాంకర్ సంగతి ఎత్తలేదు.) ఇన్నేళ్లకు నిజం రాస్తుంటే, ఆ అబద్ధమాడిన కుర్రాడి మీద కోపం రావడం లేదు. ప్రాణాలరచేత పట్టుకుని అంత జోరుగా పరుగెత్తినవాడు, ఆ మాత్రం చెప్పుకోవద్దూ అనిపిస్తోంది.