గుర్రపుసాలలో గుర్రానికి చోటు లేదు

మా కరీంనగర్‌లో బస్టాండు ముందరి టాంగా అడ్డాను మొన్న వానకాలంలో ఎత్తేశారు. రిక్షాలు వచ్చాయి, రోడ్డు ఖాళీ కావాలట. నేను ఏళ్లతరబడి బడికి టాంగాలో వెళ్లిన మనిషిని. రిక్షా ఎక్కి, తొక్కేవాడి తడిసిన వీపు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. ఆ దిగులులో ఉండగా తోటి పంతులమ్మ ఒక మాట చెప్పింది. మంచిర్యాల దాటాక ఒక పల్లెలో, దొర గడీ గుర్రపుసాలలో పాత గుర్రపు బండ్లు పెట్టి చిన్న మ్యూజియం చేశారట. ఆదివారం ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చునే కంటే నయమని బయలుదేరాను.

పొద్దున ఆరింటి బస్సుకు పెద్దపల్లి, అక్కడి నుంచి ప్యాసింజరు రైలు. ఆ రైలు బొగ్గు వ్యాగన్లకు దారి ఇచ్చీ ఇచ్చీ గోదావరి వంతెన దాటేసరికి మధ్యాహ్నం కావచ్చింది. ఒకటే ముసురు. నదికీ ఆకాశానికీ ఒకటే మురికి రంగు. వెళ్లాలనుకునేవారు ఇంటి నుంచే సద్ది కట్టుకోండి, దారిలో నాకు దొరికినవి చల్లారిన మిర్చి బజ్జీలే.

మంచిర్యాల స్టేషన్ బయట ఒక ముసలి టాంగావాలా ఎదురొచ్చాడు. పేరు మల్లయ్య. మ్యూజియంకు కిరాయి ఎంత కాకా అని అడిగితే నవ్వలేక నవ్వాడు.

"మ్యూజియంకా బిడ్డా? నేను గూడ గాడికే పోతున్న. గీ బండికి ఇయ్యాల ఇదే ఆఖరి కిరాయి. నీకు తోచింది ఇయ్యి."

మామూలు కిరాయి అర్ధరూపాయే ఇచ్చాను. దారిలో సంగతంతా చెప్పాడు. కొడుకు బెల్లంపల్లి బొగ్గుబాయిలో పని చేస్తాడు. ఒంటిగది క్వార్టరు. తండ్రిని వచ్చెయ్యమంటున్నాడు. టాంగాను మ్యూజియంవాళ్లు తీసుకుంటామన్నారు. రాణిని, అంటే మమ్మల్ని లాగుతున్న ఆ ముసలి గుర్రాన్ని, ఏం చేయాలో తెలియడం లేదు.

"బండికి నీడ దొరికింది. దీనికి గూడ దొరికితే నా ఫికర్ తీరుతది. మ్యూజియం సారును మల్లొకసారి అడిగి సూస్త. లేకుంటే మంగళారం అంగడికి తోలాలె. ముసలిదాన్ని తోలు కోసం తప్ప ఎవడు కొంటడు బిడ్డా?"

దారి పొడుగునా రాణి మువ్వలే వింటూ కూర్చున్నాను.

మ్యూజియం పేరుకే మ్యూజియం, పొడుగాటి పెంకుల సాల. పోలీసు యాక్షన్ తర్వాత దొర పట్నం వెళ్లిపోయాడు, బండ్లు మిగిలాయి. రిటైరైన పంతులు ఒకాయన చూసుకుంటున్నారు. టికెట్టు లేదు, సాయంత్రం ఐదింటికి మూసేస్తారు, శుక్రవారం సెలవు. మొదటిది ఇత్తడి దీపాల బగ్గీ. రెండోది దొరసానుల పర్దా బండి. అడిగి లోపల కూర్చున్నాను. కిటికీ అంటూ లేదు, వేలు దూరేంత సందు. ఊపిరాడలేదు. ఇందులో ధర్మపురి జాతరకు వెళ్లిన ఆడవాళ్లు ఏం చూశారు, నా మొహం! మూడోది పిల్లల బండి, బొమ్మలా ఉంది. నాలుగో చోటు ఖాళీ. 'కిరాయి టాంగా' అని బోర్డు మాత్రం ముందే రాసి పెట్టారు.

మల్లయ్య తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"సారూ, గీ సాలల ఓ మూలకు దీన్ని గూడ ఉంచుకోండ్రి. గడ్డి నేనే పంపుత."

పంతులు చెడ్డ మనిషేం కాదు. "కమిటీ ఒప్పుకోలే మల్లయ్యా. నేను ఒకటికి రెండుసార్లు అడిగిన. పానమున్నదాన్ని ఎట్ల పెడ్తం అన్నరు. చచ్చిపోతే ఎవరు జవాబు చెప్పాలె?"

గుర్రపుసాలలో గుర్రానికి చోటు లేదు! నాకు ఒళ్లు మండింది. పైకే అన్నాను.

మల్లయ్య రాణిని విప్పాడు. మెడలో మువ్వలూ కళ్లగంతలూ కూడా బండితోపాటే కావాలని పంతులు అడిగితే తీసి ఇచ్చాడు. బండిని తానే లోపలికి నెట్టాడు. రాణి దాని వెనకే సాలలోకి నడవబోతే పంతులు గడకర్ర అడ్డం పెట్టారు. "నీ ఇల్లు గాదే అది, పా" అని మల్లయ్య జూలు పట్టి వెనక్కి తిప్పాడు.

తుంపరలో ముగ్గురం నడిచే స్టేషన్‌కు వచ్చాం. గంటన్నర దారి. స్టేషన్ ముందు మూడు టాంగాలు వరుసలో ఉన్నాయి. వాళ్ల పద్ధతి ఏమిటంటే, ముందు వచ్చిన బండిదే ముందు వంతు, ఎవరూ ఎవరినీ దాటరు. రాణి ఎవరూ చెప్పకుండానే వెళ్లి మూడో బండి వెనకాల నిలబడింది. రైలు వచ్చింది. ఒక్కో బండీ నిండి కదులుతుంటే అదీ ఒక్కో అడుగు ముందుకు జరిగింది. చివరకు దాని వంతు వచ్చింది. దాని వెనక కొత్తగా వచ్చిన టాంగావాలా కళ్లెం బిగించి ఆగిపోయాడు, దాటలేదు. పెట్టె మోసుకొచ్చిన ప్రయాణికుడు గుర్రాన్ని చూశాడు, బండి కోసం వెనక్కి చూశాడు.

"ఎనుక బండి ఎక్కుండ్రి" అన్నాడు మల్లయ్య. వెనక టాంగావాలా తల దించుకుని పక్కనుంచి పోనిచ్చాడు. రాణి అక్కడే నిలబడింది.

తిరుగు రైల్లో కూర్చుని ఏడ్చాను, దాచడం దేనికి. పోయినవాటిని భద్రం చేయడం మనకు బాగా వచ్చు. ఇంకా నిలబడి ఉన్నవాటిని ఎక్కడ పెట్టాలో తెలియదు. మంగళవారం ఏమైందో నాకు తెలియదు, ఉత్తరం రాసి అడిగే ధైర్యం కూడా లేదు. మ్యూజియం మాత్రం తప్పక చూడండి, బండ్లు అందమైనవే. ఒక్క సలహా: నడవగలిగిన దారే అయినా స్టేషన్ నుంచి రానూపోనూ టాంగాలోనే వెళ్లండి. చూసినందుకు గుర్రానికి గడ్డి రాదు, ఎక్కితేనే వస్తుంది.