బోణీ బేరం గేరాయిల్

కౌల్ బజారులో నన్ను మించిన బేరగత్తె లేదని చెప్పుకోవడానికి నా దగ్గర గట్టి రుజువే ఉంది. రెండు వందల రూపాయలు మిగుల్చుకుని, ముప్పై ఏళ్లుగా చెక్కుచెదరని గేరుపెట్టెను ఒక్క ఎండాకాలంలో తినేశాను. ఇంత పెద్ద నష్టాన్ని ఇంత చవగ్గా కొన్నవాళ్లు మా బజారులో ఇంకొకరుంటే చూపించండి, వాళ్లకు నమస్కారం పెడతాను.

మా నాన్నది ఇత్తడి సామాన్ల కొట్టు. బిందెను గోటితో కొట్టి, అది మోగిన తీరును బట్టి అందులో ఎంత కల్తీ ఉందో చెప్పేవాడు. పాత ఇత్తడిని తూకానికి తీసుకుని కొత్తదాని ఖరీదులో తగ్గించడం మా కొట్టు పద్ధతి. నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని పెరిగాను. ఎవరు నిజంగా లేచి వెళ్లిపోతారో, ఎవరు గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరుగుతారో, వాళ్లు చెప్పులు వేసుకునే తీరు చూసి చెప్పేదాన్ని.

అలాంటి నేను, బేరమంటే ఏమిటో తెలియని మనిషిని చేసుకున్నాను. మా ఆయన బడిలో లెక్కలు చెప్పేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క విలాసం ఒక పాత కారు. గుండ్రటి ముక్కు, స్టీరింగు పక్కనే గేరుకడ్డీ. దానికి గేరాయిల్ మార్చాల్సి వస్తే సీలు వేసిన డబ్బాయే కొనేవాడు. అంగడాయన ఎంత చెబితే అంత ఇచ్చేవాడు. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుండేది.

"డ్రమ్ములోది సగం ధరకే వస్తాది కదా, అది పోస్తే ఏమయితాది?" అని ఒకసారి అడిగాను.

"అది లారీల వెనకిరుసుకు పోసేదే. దాంట్లో గంధకం మందు జాస్తి. దీని గేర్లలో ఇత్తడి రింగులుండాయి. తొంభై నంబరు, నాలుగో రకం, అంతే. ఇత్తడంగడి బిడ్డవి, నీకు నేను చెప్పల్లా?"

నిజమే, చెప్పక్కరలేదు. గంధకం తగిలిన ఇత్తడి ఎలా నల్లబడుతుందో నాకు నడక రాకముందే తెలుసు.

ఆయన బడిలోనే, పాఠం చెబుతూనే పోయాడు. కారు మిగిలింది, మా అత్త మిగిలింది, నేను మిగిలాను.

గాంధీనగర్‌లో మా వీధి మలుపు దగ్గర చిన్న ఎత్తు ఉంది. అక్కడ కరెంటు స్తంభం రాగానే ఆయన మూడో గేరు నుంచి రెండుకు దించేవాడు. దించగానే కారు లోపలి నుంచి "ఊఁ" అని సన్నగా మొదలై పైకి లేచే ఒక మూలుగు వచ్చేది. పిలిస్తే పలికినట్టు ఉంటుందని అత్త అనేది. నడపడం నాకు నేర్పింది ఆయనే గనుక నేనూ ఆ కరెంటు స్తంభం దగ్గరే దించేదాన్ని. అదే మూలుగు వచ్చేది. నేను గేటులోకి వచ్చేసరికి అత్త హాల్లోంచి లేచి, కొడుకు పళ్లెం కడిగి, వంటింటి గట్టు మీద పెట్టి ఉండేది. ఆమెకు మతి బాగానే ఉంది. కొడుకు లేడని ఆమెకు తెలుసు, ఆమె కాళ్లకే తెలియదు. ఆ పళ్లెంలోనే నేను తినేదాన్ని. ఈ ఏర్పాటు గురించి మేమిద్దరం ఒక్కరోజు కూడా మాట్లాడుకోలేదు.

ఆ మూలుగును నేనెప్పుడూ బయటినుంచి వినలేదు. ఆయనున్నప్పుడు పక్క సీట్లో నేనే, ఆ తర్వాత నడిపేదీ నేనే కదా.

అవి గనుల రోజులు. ఉదయం ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటుకరంగుకు తిరిగేది. ఖనిజం లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతుండేవి. గాజుల కొట్లు కూడా స్పేర్‌పార్టుల కొట్లయ్యాయి. మా నాన్న బిందెలు వేలాడదీసిన కొక్కేలకు లారీ బెల్టులు వేలాడేవి. లారీకి పనికొచ్చిందంటే అది గట్టి సరుకని ఊరంతా నమ్మింది. నేనూ ఊళ్లోదాన్నేగా.

గేరాయిల్ మార్చాల్సిన సమయం వచ్చింది. నేను అంగడి తలుపులు తీసే వేళకే వెళ్లి నిలబడ్డాను. బోణీకి వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపితే దినమంతా పాడని వ్యాపారులందరికీ భయం. ఆ భయం మీద నేను సగం సంసారం నడిపాను.

అంగడాయన ఊదుబత్తి గుచ్చుతూ నన్ను చూసి నిట్టూర్చాడు. "వచ్చినావా అక్కా? ఈ దినం నా నసీబు నీ చేతిలో ఉండాది. ఏం కావల్ల?"

సీలు డబ్బా లీటరు నూట అరవై. రెండు లీటర్లకు మూడు వందల ఇరవై. నేను తిన్నగా డ్రమ్ము వైపు చూశాను.

"కారుకైతే అది వద్దక్కా. అది నూటానలభై నంబరు, మరీ చిక్కన, టిప్పర్లకు పోసేది."

"టిప్పరు అంత బరువు మోస్తాది. నా కారు మోసేది నన్నూ మా అత్తనూ. ఆ బరువుకు ఆగిన నూనె మా బరువుకు ఆగదా అప్పా?"

"ఏనుగు మందు పిల్లికి పోస్తారా అక్కా?"

"పిల్లి నాది. నువ్వు పొయ్యి."

లీటరు డెబ్బై అన్నాడు. నేను చెప్పుల్లోకి కాలు పెట్టాను. అరవై అన్నాడు. రెండు లీటర్లు నూట ఇరవైకి తెగింది. పైగా అరలీటరు కొసరు పోయించుకున్నాను. క్యానులోకి నూనె దిగుతుంటే గంధకం వాసన ముక్కుకు కొట్టింది. "ఇత్తడంగడి బిడ్డవి" అన్న మాట చెవి పక్కనే వినిపించింది. విన్నాను. విని, క్యాను మూత బిగించాను. బతికున్నప్పుడు ఆయన మాట మీద నెగ్గని బేరం పోయాక నెగ్గిందని, చెప్పడానికి సిగ్గే, లోలోపల సంతోషపడ్డాను కూడా.

కారు బాగుచేసే మా మేస్త్రి దాని కిందికి దూరి పాత నూనె వదిలాడు. నేను పైన ఆయన సీట్లో కూర్చుని, కాళ్ల దగ్గర రబ్బరు మూత తీసి, గరాటు పెట్టి పోశాను. మేస్త్రి వచ్చి కొలపుల్ల ముంచి చూశాడు.

"ఇంక సాలమ్మా, గీటు దాటింది."

"కొసరుంది. పారబోస్తామా?"

"కొసరు బెండకాయలకుంటాది, మల్లెపూలకుంటాది. గేరాయిల్‌కు కొసరేందమ్మా!"

మొత్తం పోసేశాను.

ఆ సాయంత్రం మలుపు దగ్గర గేరు దించాను. ఏమీ పలకలేదు. ఆ చిక్కటి నూనెలో మూలుగు మునిగిపోయింది. కారు మెత్తగా, దొంగలా గేటులోకి వచ్చింది. అత్త హాల్లోనే కూర్చుని ఉంది. గట్టు మీద పళ్లెం లేదు.

నన్ను చూసి ఉలిక్కిపడి, "నువ్వెప్పుడొస్తివే? మరి వాడు యాడ?" అంది.

ఆ ప్రశ్న ఆమె అడగడం అదే మొదలు. అడిగాక తన నోరు తానే మూసుకుంది. జవాబు ఇద్దరికీ తెలుసు. నేను పళ్లెం తీసుకుని కడిగాను. అది తడిగా నా చేతిలో చాలాసేపు ఉండిపోయింది.

ఆ తర్వాత నేను స్తంభానికి ముందు దించి చూశాను, దాటాక దించి చూశాను, గట్టిగా రేసు ఇచ్చి చూశాను. ఎండలో నిలిపిన కారు తలుపు తీస్తే గంధకం వాసన వచ్చేది. ఆయన కూర్చున్న చోట ఇంకెవరో కూర్చుని వెళ్లినట్టుండేది. నూనె మార్పిద్దామని రోజూ అనుకునేదాన్ని. కొన్నది పారబోయడానికి మాత్రం చేయి రాలేదు.

ఎండాకాలం ముగిసేసరికి రెండో గేరు పడేటప్పుడు రాళ్లు నమిలినట్టు చప్పుడు మొదలైంది. ఆ ఎత్తు మీద ఇంజను అరిచేదే కానీ కారు కదిలేది కాదు. "వీధిలోకి లారీ వచ్చిందేమే?" అని అత్త అడిగింది. ఆ మాట అన్నాక ఇక నేను ఆగలేదు.

మేస్త్రి గేరుపెట్టె విప్పాడు. "ఎక్కువ పోసింది క్లచ్చి మిందికి పోయింది. నీ కొసరేనమ్మా ఇది" అని నల్లటి ప్లేటు చూపించాడు. తర్వాత నాలుగు రింగులు నా అరచేతిలో పెట్టాడు. అవేమిటో నాకు ఎవరూ చెప్పక్కరలేకపోయింది. పొగచూరిన చెంబు నలుపు. పళ్లు అరిగి మొండివయ్యాయి. అలవాటు కొద్దీ ఒకదాన్ని గోటితో కొట్టాను. మోగలేదు.

కొత్త రింగులు వేశాడు. సీలు డబ్బా నేనే కొన్నాను: తొంభై నంబరు, నాలుగో రకం. గీటు దాకా పోసి ఆపాను.

కారు తయారయ్యాక నేను తెచ్చుకోలేదు. "సాయంత్రం నువ్వే ఇంటికి తోలుకురా అప్పా. మలుపులో స్తంభం కాడ రెండుకు దించు" అని మేస్త్రికి చెప్పాను. ముందుగా ఇంటికి వచ్చి అత్త పక్కన కూర్చున్నాను. అత్త చింతపండులో గింజలు తీస్తోంది.

మలుపు దగ్గర వినిపించింది. సన్నగా మొదలైంది, పైకి లేచింది. మొదటిసారి బయటినుంచి విన్నాను. నా కాళ్లు నన్నడగకుండానే లేచాయి.

అత్త తల ఎత్తి విన్నది. గింజలు తీసే చేయి ఆగింది, కాళ్లు మాత్రం లేవలేదు.

"ఎవురిదో బండి. బాగుండాది. మనది కాదు," అని మళ్లీ చింతపండు మీదికి వంగింది. "నిలబడినావేంది? పో, గేటు తియ్యి."

తీశాను. మేస్త్రి బిల్లు చేతికిచ్చాడు. నాలుగు రింగులు పద్దెనిమిది వందలు. క్లచ్చిప్లేటు తొమ్మిది వందలు. నూనె కారకుండా వేసే సీళ్లు రెండు వందల యాభై. కూలి పదిహేను వందలు. నేను కొన్న నూనె మూడు వందల ఇరవై కూడా కలుపుకుంటే నాలుగు వేల ఏడు వందల డెబ్బై. గేటు దగ్గరే నిలబడి కూలిలో నూట డెబ్బై తగ్గించుకున్నాను, అబద్ధమెందుకు? దానికి డ్రమ్ము నూనె నూట ఇరవై కలపాలి. మొదటే డబ్బా కొన్నా అయ్యేది కాబట్టి మూడు వందల ఇరవై తీసేయాలి. పాత ఇత్తడి తూకానికి తీసుకుంటానని మేస్త్రి అన్నాడు, నేను ఇవ్వలేదు. ఆ పద్దు కింద తగ్గింపు సున్నా. నికరంగా పోయింది నాలుగు వేల నాలుగు వందలు.