అంకుల్ ఆంప్లిఫయర్‌లో రొద

కెనడాలోని బ్రాంప్టన్‌లో మేం బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్న ఇంటి ఓనరు అంకుల్ నోట ఎప్పుడూ ఒకటే మాట: "మన సైడ్ ఇష్యూ లేదు." ఐటీలో ఇన్నేళ్లూ ఆయన ఈ ఒక్క మాట మీదే నెట్టుకొచ్చారని మా అనుమానం.

మా గది పక్కనే ఆయన గిటార్ సాధన. ఎక్కడో ముచ్చటపడి కొన్న పాతకాలపు ట్యూబ్ ఆంప్లిఫయర్ ఆన్ చేస్తే చాలు, కందిరీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద. దాని లోపలి ట్యూబులు మార్చారు, కేబుళ్లు మార్చారు. చివరికి నేరం మా మైక్రోవేవ్ మీద పడింది. ఆయన వాయించినంతసేపూ మాకు చల్లారిన అన్నమే.

ఒక ఆదివారం ఆంటీ కిందికొచ్చి, "పట్టపగలు ఈ లైటెందుకండీ?" అంటూ వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ స్విచ్ ఆపేశారు. రొద ఠక్కున ఆగిపోయింది. ఆ డిమ్మర్‌ని అంకులే స్వహస్తాలతో బిగించారు.

ఆయన స్విచ్ వైపు చూడనైనా లేదు. "చూశారా, ట్యూబులు ఇప్పటికి సెట్ అయ్యాయి. మన సైడ్ ఇష్యూ లేదని ముందే చెప్పా," అని గిటార్ అందుకున్నారు.

ఏ అడ్డూ లేకుండా ఆయన వాయింపు వినడం మాకదే మొదటిసారి. పాట సగంలో ఉండగానే ఆంటీ లేచి ఆ లైటు మళ్లీ వేశారు.